చేతులెత్తిన వాళ్లంతా సమ్మెలోకి వస్తారా?

విశ్వవిద్యాలయ ఉద్యోగుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. పేర్లు ప్రచురించవద్దని అందరూ కోరారు.

ప్రశ్న: మా బోధనేతర ఉద్యోగుల సంఘంలో 420 మంది సభ్యులం. జనరల్ బాడీకి 180 మంది వచ్చాం. నిరవధిక సమ్మెకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. రహస్య ఓటు పెట్టమని కొందరం అడిగితే ‘ఐక్యతను చెడగొడుతున్నారు, మన లోపాలు రిజిస్ట్రార్‌కు తెలిసిపోతాయి’ అన్నారు. ఎవరిది న్యాయం? – సీనియర్ అసిస్టెంట్, తిరుపతి

మీదే న్యాయం. 420 మందిలో 180 మంది చేతులెత్తడమంటే సగం కూడా కాదు. పైగా సెక్షన్ సూపరింటెండెంట్ పక్కనే కూర్చుని చూస్తుంటే చెయ్యి దించుకుని ఉండగలిగే జూనియర్ అసిస్టెంట్లు ఎంతమంది? అలా లేచిన చెయ్యి మూడో రోజు హాజరు పట్టీలో సంతకం పెట్టేస్తుంది. అప్పుడు తెలిసే బలహీనతకు ఖరీదు ఎక్కువ. రిజిస్ట్రార్‌కు మీ ఓట్ల లెక్క అక్కర్లేదు, సమ్మె మొదటి రోజు సాయంత్రానికల్లా సెక్షన్లవారీగా హాజరు ఆయన బల్ల మీద ఉంటుంది. ఆ సంఖ్య ముందుగా తెలియాల్సింది మీకు.

ఓటింగ్ ఇలా పెట్టండి. చందా కట్టిన సభ్యుల జాబితాను వారం ముందు నోటీసు బోర్డులో అంటించి, అభ్యంతరాలకు మూడు రోజులు ఇవ్వండి. ఎన్నికల అధికారిగా కార్యవర్గంలో లేని వ్యక్తిని పెట్టుకోండి, రిటైరైన సభ్యుడైతే మరీ మంచిది. చీటీ మీద ఒక్కటే ప్రశ్న ఉండాలి: ‘ఫలానా మూడు డిమాండ్ల మీద ఫలానా తేదీ నుంచి నిరవధిక సమ్మెకు – సమ్మతమే / సమ్మతం కాదు.’ ‘కార్యవర్గం తీసుకునే ఏ నిర్ణయానికైనా కట్టుబడి ఉంటాను’ అన్న వాక్యం మాత్రం చేర్చనివ్వకండి. అది సమ్మె మీద ఓటు కాదు, తెల్లకాగితం మీద సంతకం.

సంతకం జాబితాలో తీసుకోండి. చీటీ మీద సంతకం గానీ నంబరు గానీ వేస్తే ఎవరు ఏమన్నారో పట్టుకోవచ్చు. 430 చీటీలు అచ్చు వేయిస్తే వాడినవి, మిగిలినవి, పాడైనవి కలిపి చివర్లో 430 తేలాలి. పెట్టె మూత మీద కాగితం అంటించి, సమ్మె కావాలనే వాళ్లొకరు, వద్దనే వాళ్లొకరు దాని మీద సంతకాలు చెయ్యాలి. పెట్టెను పరిపాలనా భవనంలో ఉంచి అందర్నీ అక్కడికే రమ్మనకండి. పరీక్షల విభాగం, లైబ్రరీ, ఇంజినీరింగ్ సెక్షన్, హాస్టళ్లు, ఆరోగ్య కేంద్రం అన్నీ తిప్పాలి. వాచ్‌మెన్‌ల దగ్గరికి షిఫ్టు మారే వేళకు వెళ్లాలి, లేకపోతే రాత్రి డ్యూటీ వాళ్ల ఓటు పోతుంది. లెక్కపెట్టే ముందు అన్ని పెట్టెల చీటీలూ కలిపెయ్యండి. ఆరుగురున్న సెక్షన్ పెట్టెను విడిగా లెక్కపెడితే అది రహస్య ఓటే కాదు.

మరి ఏ సెక్షన్ గట్టిగా ఉందో తెలిసేదెలా? దానికి ఓటు కన్నా ముందే చిన్న కార్యక్రమాలు పెట్టాలి: మొదట డిమాండ్ల పత్రం మీద సంతకాలు, తర్వాత నల్ల బ్యాడ్జీలు, తర్వాత భోజన విరామంలో ధర్నా, ఆపైన ఒక పూట పెన్‌డౌన్. ప్రతిసారీ సెక్షన్‌కు ఎంతమంది వచ్చారో రాసుకోండి. సంతకం పెట్టినవాళ్లు 350 మందై ధర్నాకు 90 మందే వస్తే, నిలబడేవాళ్లు ఆ 90 మంది చుట్టుపక్కలే అనుకోవాలి. పరీక్షల విభాగం, అకౌంట్స్ వెనకబడితే మిగతా సెక్షన్లన్నీ మూతపడినా పరిపాలన నడిచిపోతుంది. ఓటు పెట్టే ముందు ఆ రెండు చోట్ల ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడండి.

ఎంతమంది ‘సమ్మతమే’ అంటే వెళ్లాలి? మీ నిబంధనావళిలో ఉంటే అదే లెక్క. లేకపోతే, పోలైన ఓట్లలో కాకుండా మొత్తం సభ్యుల్లో 60 శాతం, అంటే మీకు 252 మంది, ఉంటే తప్ప నిరవధిక సమ్మె వద్దన్నది మా సలహా. అంతకు తగ్గితే ఒక్కరోజు సమ్మె చేసి మళ్లీ ఓటుకు రండి. ఇది ఓడిపోవడం కాదు.

ప్రశ్న: నోటీసు ఇచ్చిన 14 రోజులకు సమ్మెకు దిగొచ్చని మా ప్రధాన కార్యదర్శి అంటున్నారు. పోస్టర్లు కూడా వేశాం. అంతేనా? – సంఘం కోశాధికారి, చిత్తూరు

అంతే కాదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే ‘పరిశ్రమ’ నిర్వచనంలోకి విశ్వవిద్యాలయం వస్తుందని 1978 నాటి బెంగళూరు వాటర్ సప్లై కేసు తీర్పుతో తేలింది. అయితే అధ్యాపకులు ‘కార్మికులు’ కారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి బోధన, బోధనేతర సంఘాలు కలిసి దిగినా చట్టం దృష్టిలో దారులు వేరు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ నోటీసు ఇచ్చాక 14 రోజుల లోపు సమ్మె చెయ్యకూడదంటుంది. ఆ నోటీసు 60 రోజుల వరకే చెల్లుతుంది. మీకు ఏ చట్టం వర్తిస్తుందనే వాదన ఎటు తేలినా, ఉన్నవాటిలో గట్టి నిబంధనను పాటించినవాడికి నష్టం లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే రాజీ చర్చల దగ్గర. రాజీ అధికారి, అంటే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే కార్మిక శాఖ అధికారి, మొదటి సమావేశం జరిపిన రోజు నుంచి ఆ చర్చలు ముగిసేదాకా, ముగిశాక మరో 7 రోజులు సమ్మె నిషేధం. జనవరి 5న నోటీసు ఇచ్చి 20న సమ్మె అని పోస్టర్లు వేశారనుకోండి. 17న అధికారి పిలిచారు. సమ్మె నోటీసు వచ్చిన వ్యవహారంలో ఆయనకు 14 రోజుల గడువు, అంటే జనవరి 31. ఆపైన 7 రోజులు. ఫిబ్రవరి 8 లోపు దిగితే సమ్మె చట్టవిరుద్ధం. పోస్టర్ మీద తేదీకి బదులు ‘నోటీసు గడువు, రాజీ ప్రక్రియ ముగిశాక’ అని వేసి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. నోటీసును ఇన్‌వర్డులో ఇచ్చి, మీ కాపీ మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఒక ప్రతి కార్మిక శాఖకు పంపండి.

అందరం ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే నోటీసు గొడవ ఉండదని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ కోడ్ ప్రకారం 50 శాతం, అంతకు మించి కూడబలుక్కుని సెలవు పెడితే అది కూడా సమ్మే. పదిమంది గానీ, అంతకు మించి గానీ కూడబలుక్కుని, ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా రాకపోతే ఎనిమిది రోజుల దాకా జీతం కోయడానికి వేతన చట్టం వీలిస్తోంది. సమ్మె చట్టబద్ధం, న్యాయసమ్మతం రెండూ అయితేనే ఆ రోజుల జీతం అడగగలమని 1994లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన సంగతి కూడా ఓటుకు ముందే సభ్యులకు చెప్పెయ్యండి.

ఇంకొకటి. తిరుపతిలో ఉన్న సంఘాలు ఊరేగింపులు, కలెక్టరేట్ ముట్టడి వంటివి బ్రహ్మోత్సవాల రోజుల్లో పెట్టుకోవద్దు. పోలీసులంతా కొండ మీద, అలిపిరి దగ్గర ఉంటారు. అనుమతి దొరకదు, ఊరి సానుభూతీ దొరకదు.

ప్రశ్న: హాస్టళ్లలో ఔట్‌సోర్సింగ్ వాళ్లం 60 మందిమి. సమ్మెకు రమ్మంటారు గానీ ఓటు లేదంటారు. – తిరుపతి

ఓటు లేని చోట సమ్మెకు పిలవడం అన్యాయం. రెగ్యులర్ ఉద్యోగికి పోయేది జీతం, మీకు పోయేది పని. సంఘం నిబంధనావళిని సవరించి సభ్యత్వం ఇవ్వాలి. అంతవరకు సంయుక్త కార్యాచరణ కమిటీలో మీ ప్రతినిధులు ఇద్దరికి ఓటు ఉండాలి. సమ్మెకు వచ్చినవాళ్లను తీసేయకూడదన్నది డిమాండ్ల పత్రంలో మొదటి డిమాండ్ కావాలి, చివరిది కాదు.

నిధి లెక్క కూడా అడగండి. రోజుకు 500 రూపాయల చొప్పున పది రోజులకు 60 మందికి 3 లక్షలు. మీ దగ్గర 360 మంది రెగ్యులర్ వాళ్లుంటే నెలకు వంద చొప్పున తొమ్మిది నెలల్లో 3,24,000 పోగవుతుంది. ఆ డబ్బును విడి ఖాతాలో వేసి, ముగ్గురిలో ఇద్దరి సంతకాలుంటేనే తీసేలా చూడాలి. హాస్టళ్లలో నీళ్లు, కరెంటు, మెస్, అమ్మాయిల హాస్టల్ కాపలా ఆపవద్దు. ఎవరెవరు ఆ పనిలో ఉంటారో జాబితా రాసి మీరే రిజిస్ట్రార్‌కు ఇవ్వండి. పిల్లలు అన్నం లేక రోడ్డెక్కితే ఆ కోపం మీ మీదికే వస్తుంది.

ప్రశ్న: పోయినసారి నాయకులు రాత్రి పదకొండుకు సంతకం పెట్టి సమ్మె విరమించారు. పొద్దున పేపర్లో చదివి తెలుసుకున్నాం. దీన్ని ఎలా ఆపాలి? – తిరుపతి

సమ్మెకు ఓటు వేసే రోజే రెండో తీర్మానం చేసుకోండి: చర్చలకు అయిదుగురు వెళ్తారు, అందులో ఇద్దరు కార్యవర్గంలో లేనివాళ్లు. ప్రతి సమావేశం మినిట్స్ మర్నాటికి నోటీసు బోర్డులో ఉండాలి. ముసాయిదా ఒప్పందం జనరల్ బాడీ ఆమోదం పొందాకే సంతకం. అధికారులు ‘ఇప్పుడే తేల్చండి’ అంటే చూపించడానికి ఆ తీర్మానం కాపీ జేబులో ఉంచుకోవాలి. ఒత్తిడిలో ఉన్న నాయకుడికి అది అండ కూడా.

ముసాయిదా చదివేటప్పుడు డిమాండ్లను మూడుగా విడదీయండి. సీనియారిటీ జాబితా, మెడికల్ బిల్లులు రిజిస్ట్రార్ స్థాయివి. కొన్ని పాలకమండలి తీర్మానంతో అయ్యేవి. కొత్త పోస్టులు, జీతాల స్కేళ్లకు రాష్ట్ర ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. మూడో రకం వాటి ఎదురుగా ‘పరిశీలిస్తాం’ అని రాసి వైస్ చాన్సలర్ సంతకం పెడితే మీకు దక్కింది ఏమీ లేదు. ‘ఫలానా తేదీలోగా ప్రతిపాదన ప్రభుత్వానికి పంపి, దాని కాపీ సంఘానికి ఇస్తాం’ అని రాయించుకోండి. వీలైతే రాజీ అధికారి సమక్షంలోనే సంతకాలు జరగాలి. అక్కడ కుదిరిన ఒప్పందానికి ఉద్యోగులందరూ కట్టుబడాలి, యాజమాన్యమూ కట్టుబడాలి. బయట రాసుకున్నది సంతకం పెట్టిన పక్షాల వరకే.