“ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2015” అనడం తప్పా?

తప్పే, “ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ 2015” అనాలి.

తెలుగులో “2015 నుంచి ఇక్కడే ఉంటున్నాను” అంటే సరిపోతుంది, క్రియ మార్చనక్కర్లేదు. ఇంగ్లీషులో “యామ్ లివింగ్” ఇప్పటి సంగతే చెబుతుంది, ఎప్పుడు మొదలైందో మోయలేదు. వెనక మొదలై ఇంకా సాగుతున్న పనికి “హావ్ బీన్” కావాలి.

బస్టాప్‌లో నిలబడి ఫోన్లో “ఐ యామ్ వెయిటింగ్” అంటే సరే. గంట నుంచీ అని విసుక్కోవాలంటే మాత్రం “ఐ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ యాన్ అవర్”. ఇక్కడ సిన్స్ కాదు, ఫర్. మన “నుంచి” రెండు చోట్లా పనిచేస్తుంది కాబట్టే “సిన్స్ టెన్ ఇయర్స్” అనేస్తుంటాం. మొదలైన సమయానికి సిన్స్, గడిచిన వ్యవధికి ఫర్.

హావ్ ఉంటే పని అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. కాదు. “ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” అన్న మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. హావ్ తీసేసి “ఐ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” అంటే మామూలుగా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు.

సాధన చేసేటప్పుడు తెలుగు వాక్యంలో “నుంచి” పక్కన కాలం కనబడితే ఒక్క క్షణం ఆగి చూసుకోండి.