ఆ తండ్రిది యూ టర్న్ కాదు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి,

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. ఉక్కునగరం క్వార్టరు, కూతురి పెళ్లి మాటెత్తితే మౌనం వహించే తండ్రి కళ్లకు కట్టారు. నన్ను ఆపినవి రెండు మాటలు.

జగదాంబ జంక్షన్‌లో ఆటో డ్రైవరు తన సంఘం నాయకుడు మాట మార్చాడని మండిపడుతూ 'వోల్ట్ ఫాస్' (volte-face) అంటాడు. ఇటాలియన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరిన మాట అది. ముఖం తిప్పడమని మూలార్థం. స్పెల్లింగు చూసి 'ఫేస్' అని పలకకు. సంపాదకీయంలో హుందాగా ఉంటుంది కానీ ఆటోలో ఇమడదు. తెలుగులో ప్లేటు ఫిరాయించాడనే మనిషి ఇంగ్లీషులో 'యూ టర్న్' అంటాడు. రోజంతా బండి తిప్పేవాడి నోట ఆ మాటకు బలం ఎక్కువ. దానికి ముందు ఇంగ్లీషువాళ్లు 'డూ' గానీ 'మేక్' గానీ వాడతారు, మనవాళ్లు 'టేక్' అంటారు. అతని సంభాషణలో 'టేక్' అనే ఉంచు.

ఇక రెండోది, నాకు బాధ కలిగించినది. చివర్లో తండ్రి పెళ్లికి ఒప్పుకున్నప్పుడు కూడా యూ టర్న్ అని రాశావు. ఆ మాటలో నింద ఉందమ్మా. నలుగురిలో ఒక మాట మీద నిలబడి, తర్వాత దానికి ఎదురు తిరిగినవాడికి తగిలే మాట. 1980లో బ్రైటన్‌లో జరిగిన తన పార్టీ మహాసభలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తాను వెనక్కి తిరిగే మనిషిని కానని చెప్పడానికి, 'మీరు' అనే అర్థం కూడా వచ్చే ఆ 'యూ' మీదే శ్లేష వేశారు. అంతటి రాజకీయపు వాసన ఉన్న మాటను ఈ తండ్రికి ఎలా అంటగట్టావు? ఆయన ఎన్నడూ వద్దనలేదు. మూడు నెలలు మాట్లాడలేదు, అంతే. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, చేతులైనా కడుక్కోకుండా "వాళ్లు ఎప్పుడొస్తామన్నారు?" అని అడిగాడు. ఇది నువ్వు రాసిన వాక్యమే, ఎంత చక్కనిది! ఆయన మెత్తబడ్డాడని అందులోనే తెలిసిపోయింది. వెంటనే వచ్చిన ఆ నామవాచకం మూడు నెలల మౌనాన్నీ మింగేసింది. కొట్టేయి. దాని స్థానంలో ఇంకో మాట వెతకకు.

ఆ పేజీ తిరగరాసి ఆదివారం తీసుకురా. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు