గుడ్లగూబలన్నీ ఒకేలా కనిపిస్తుంటే తేడాలు ఎలా తెలుసుకోవాలి?

"రెండు వందలకు పైగా గుడ్లగూబ జాతులున్నాయని చదివాను. ఫొటోల్లో మాత్రం అన్నీ ఒకే పక్షిలా ఉన్నాయి. మీకు ఆ తేడాలు ఎలా తెలుస్తాయి?" అని అడిగారు.

నేను పన్నెండేళ్లుగా పక్షుల్ని చూస్తున్నాను. మొదటి రెండేళ్లు నాకూ అలాగే ఉండేది. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, గోధుమరంగు ఈకలు. పుస్తకంలో పేజీ తిప్పితే మళ్లీ అదే పక్షి. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ముఖం పక్కన పెట్టి, "ఇది ఏం తింటుంది, దాన్ని ఎలా పట్టుకుంటుంది?" అని ముందు అడగడం. ఈ ఒక్క ప్రశ్నతో చెవులు, ఈకలు, కాళ్లు, తిరిగే వేళ, అన్నిటికీ అర్థం దొరకడం మొదలైంది.

ఆ అలవాటు ఒక ఉండతో మొదలైంది. గుడ్లగూబ చిన్న వేటనైతే ముక్కలు చేయకుండా ఏకంగా మింగేస్తుంది. అరగని ఎముకలు, బొచ్చు ఉండగా చుట్టుకుని నోట్లోంచి బయటికి వస్తాయి. ఒక చెట్టు కింద దొరికిన ఉండను నానబెట్టి, పట్టకారుతో విప్పి చూశాను. మూడు చిన్న ఎలుక పుర్రెలు, పళ్లతో సహా. అక్కడికి కాస్త దూరంలో ఇంకో చెట్టు కింద దొరికిన చిన్న ఉండ నిండా పురుగుల రెక్కల పెంకులే. రెండు చెట్ల మీదా ఉన్నది గుడ్లగూబే. తిండి మాత్రం పూర్తిగా వేరు. పక్షుల్ని చూడకముందే అవి వేర్వేరు జాతులని గట్టిగా అనుమానం వచ్చింది. తర్వాత అదే నిజమైంది.

మీరు ముందు సైజు చూడండి. అమెరికా నైరుతి ఎడారుల్లోనూ మెక్సికోలోనూ ఉండే ఎల్ఫ్ ఔల్ బరువు దాదాపు 40 గ్రాములు. వడ్రంగి పిట్టలు సగువారో కాక్టస్‌లో తొలిచి వదిలేసిన తొర్రల్లో పిల్లల్ని పెంచుతుంది. పురుగులు తింటుంది, తేలు దొరికితే కొండి తీసేసి తింటుంది. రష్యా తూర్పు చివరన, జపాన్ హొక్కైదోలో నదుల పక్కన ఉండే బ్లేకిస్టన్ చేప గుడ్లగూబ ఆడపక్షి నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. వందకు పైగా ఎల్ఫ్ ఔల్స్‌ను కలిపి తూచితేగానీ ఆ బరువు రాదు. దానికి గూడు కోసం పెద్ద తొర్ర ఉన్న ముసలి చెట్టు కావాలి, చలికాలంలో కూడా గడ్డకట్టని నీళ్లు కావాలి. ఆ రెండూ ఒకేచోట ఉండే అడవులు తగ్గిపోతున్నాయి, పక్షీ తగ్గిపోతోంది.

గుడ్లగూబ ఎగిరితే చప్పుడు రాదని అందరూ చెబుతారు. నేనూ దాన్ని స్వయంగా అనుభవించాను. బార్న్ ఔల్ ఒకటి, తెల్లటి హృదయాకారపు ముఖం ఉన్నది, సంధ్యవేళ నా తలమీదుగా రెండు గజాల ఎత్తులో వెళ్లింది. చెవికి ఏమీ వినిపించలేదు, నీడ మాత్రం కదిలింది. రెక్క ముందు అంచున దువ్వెన పళ్లలాంటి కుచ్చు, వెనక అంచున మెత్తటి అంచులు, పైన మఖమల్ లాంటి నూగు గాలి చప్పుడును తగ్గించేస్తాయి. అయితే కొన్నేళ్ల తర్వాత ఒక వాగు ఒడ్డున చేపలు పట్టే గుడ్లగూబ ఎగిరినప్పుడు రెక్కల చప్పుడు స్పష్టంగా వినిపించింది. మొదట నమ్మలేకపోయాను. కానీ ఆలోచిస్తే సబబే. ఎలుక వింటుంది కాబట్టి ఎలుకను పట్టేదానికి నిశ్శబ్దం కావాలి. నీటి అడుగున ఉన్న చేపకు పైనుంచి వచ్చే రెక్కల చప్పుడు పెద్దగా చేరదు. చేప గుడ్లగూబలకు ఆ దువ్వెన కుచ్చులు సరిగ్గా ఉండవు. జారిపోయే చేపను పట్టడానికి పాదాల అడుగున గరుకు ముళ్లు ఉంటాయి. చాలా గుడ్లగూబల కాళ్లను కప్పే ఈకలు వీటిలో చాలావాటికి సరిగా ఉండవు.

చెవుల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. (తలమీద కొమ్ముల్లా లేచి కనిపించేవి చెవులు కావు, ఉత్త ఈకలు.) బార్న్ ఔల్‌కు ఒక చెవి రంధ్రం కాస్త పైన, ఇంకోటి కాస్త కింద ఉంటాయి. శబ్దం రెండు చెవుల్లోనూ ఒకేలా పడదు, ఆ తేడాతోనే ఎలుక పైనుందా కిందుందా అని కనిపెడుతుంది. తర్వాత తిమింగలాల పాటలతో ప్రసిద్ధుడైన రోజర్ పేన్, పూర్తి చీకటి గదిలో దీన్ని పరీక్షించాడు. ఎలుక తోకకు ఎండుటాకు కట్టి వదిలితే గుడ్లగూబ దూకింది ఎలుక మీదికి కాదు, గలగలలాడే ఆకు మీదికి! ఉత్తరాది అడవుల గ్రేట్ గ్రే ఔల్‌ది ఇంకో మెట్టు. మంచు కింద కదులుతున్న చిన్న ఎలుకను పైనుంచే విని, మంచులోకి కాళ్లు దూర్చి పట్టేస్తుంది. చూడటానికి అది అతి పొడవైన గుడ్లగూబల్లో ఒకటి, కానీ చాలావరకు ఈకలే. బరువు కిలో, కిలోన్నర.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అమెరికాల్లోని బొరియల గుడ్లగూబ. పొడవాటి కాళ్లు, గడ్డి మైదానం, వేరే జంతువులు తవ్విన బొరియల్లో కాపురం, పగలు కూడా తిరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో పశువుల పేడ తెచ్చి ఇంటి ముందు పరుస్తుంది. ఎందుకా అని చాలాకాలం తర్జనభర్జన జరిగింది. పేడ ఉంచిన బొరియలనూ తీసేసిన బొరియలనూ పోల్చి చూస్తే, పేడ ఉన్నచోట గుడ్లగూబలు ఎన్నో రెట్లు ఎక్కువ పేడపురుగులు తిన్నట్టు తేలింది. అది ఎర! బొరియలో పిల్లలకు ప్రమాదం అనిపిస్తే తోక ఆడించే రాటిల్ స్నేక్ పాములా బుసకొడతాయి. ఇంత తెలివి ఉన్న పక్షి ఫొటో చూసి "ఇంకో గుడ్లగూబ" అనుకుని పేజీ తిప్పేసిన రోజు నాకు గుర్తుంది.

అయినా కొన్నిటిని శరీరం చూసి చెప్పలేం. చిన్న స్కాప్స్ ఔల్స్ అయితే మరీనూ, చెట్టు బెరడులో కలిసిపోతాయి. వాటిని విడదీసేది గొంతు. ఇండోనేషియాలోని లోంబోక్ దీవి పక్షి పక్క దీవుల దానిలాంటిదే అని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2003లో దాని కూత వేరని ఇద్దరు వేర్వేరుగా గమనించారు. 2013లో కొత్త జాతిగా రింజానీ స్కాప్స్ ఔల్ అని పేరు పెట్టారు. అక్కడి జనం మాత్రం ఎప్పటినుంచో దాని కూతతోనే "బురుంగ్ పోక్" అని పిలుస్తున్నారు. 2022లో ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవి స్కాప్స్ ఔల్‌కు బికెగిలా అని శాస్త్రీయ నామం పెట్టారు. అది దాన్ని వెతకడంలో సాయపడ్డ స్థానికుడి మారుపేరు.

మన దేశంలోని చిన్న గుడ్లగూబ ఫారెస్ట్ ఔలెట్ కథ కూడా తెలుసుకోండి. 1884 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. మైనర్ట్‌జ్‌హాగెన్ అనే పక్షి నమూనాల సేకరణకర్త వేరొకరి నమూనాను దొంగిలించి, 1914లో తానే పట్టానని తప్పుడు చోటు రాసి పెట్టాడు. ఆ చీటీ నమ్మి జనం తప్పుడు చోట వెతికారు. పమేలా రాస్ముసెన్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ మోసం పట్టుకుని, పాత అసలు చోట్లకు వెళ్లి 1997లో మహారాష్ట్రలో దాన్ని మళ్లీ చూసింది. పగలే, చెట్టు మీద కూర్చుని ఉంది.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలంటే, దగ్గర్లో ఉన్న ఒకే జాతితో మొదలుపెట్టండి. పొద్దుగూకాక అరగంట కదలకుండా కూర్చోండి, టార్చి వేయకండి. ఒకసారి నేను ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించాను. చెట్టు మీది గుడ్లగూబ ఆ కూతను ఇంకో గుడ్లగూబది అనుకుని టెన్షన్ పడి, ఆ చెట్టు వదిలి వారం రోజులు రాలేదు. గుడ్ల కాలంలో ఆ పని అసలే వద్దు. వినిపించిన కూతను మీకు తోచిన అక్షరాల్లో రాసుకోండి. సమయం, చెట్టా మైదానమా నీటి ఒడ్డా అన్నదీ రాయండి. కింద ఉండ దొరికితే దాన్లో ఏముందో కూడా. ఆ వివరాలు ఇక్కడ పెడితే ఏ జాతో చెప్పడానికి ప్రయత్నిస్తాను.