బీరువా మీద చెప్పులు

చి. సౌ. బుజ్జికి, మీ మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నని హైదరాబాద్ పక్కన సీనియర్ లివింగ్‌లో, అదే పెద్దవాళ్లు ఉండే చోట, చేర్పిస్తున్నావని మీ అత్తయ్య చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంతో కాదులే. అక్క పోయాక బావ తెనాలి ఇంట్లో ఒక్కడే, నువ్వేమో డాలస్‌లో. ఎన్నాళ్లిలా అని నేనే అడగాల్సింది, నోరు పెగల్లేదు. నాకంటే నీకే ధైర్యం ఉంది. "కూతురుండీ ఆశ్రమంలో పెట్టింది" అనేవాళ్లు అంటారు. వాళ్లలో ఒక్కరు వచ్చి బావకి ఇన్సులిన్ వేస్తారేమో అడుగు.

కానీ నువ్వు నర్సింగ్ కేర్ గది, అంటే మంచం పట్టినవాళ్లకిచ్చే గది, మాట్లాడావట. "డబ్బు ఎక్కువైనా సరే, నాన్న భద్రంగా ఉండాలి" అన్నావట. 2011లో మీ అమ్మమ్మ గురించి నేనన్నదీ అక్షరాలా ఇదే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. డిపాజిట్‌లో ఎంత తిరిగిస్తారో, ఎన్ని నెలలకిస్తారో కాగితం మీద రాయించుకో. అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో అడుగు, సంతకానికి నా పేరు రాయించు. చెప్పకుండా వెళ్లి ఒక పూట అక్కడి భోజనం తిను. ఇంకొకటి, చేదు మాటే. ప్రాణం మీదికి వస్తే ఎంతవరకు వైద్యం చెయ్యాలో ముందుగానే రాసిపెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ ఉంటే చాలు. నాది రాసేశాను. బావ చేత కూడా నేనే మెల్లగా రాయిస్తాను, నువ్వు ఎత్తకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి చోట్ల సాధారణంగా నాలుగు రకాలుంటాయి. తన పనులు తను చేసుకునేవాళ్లకి ఇండిపెండెంట్. స్నానానికో మందులకో ఒకరి సాయం కావాలంటే అసిస్టెడ్. మతిమరుపు జబ్బు ముదిరితే మెమరీ కేర్, అక్కడ తలుపుల దగ్గర కాపలా ఉంటుంది. మంచం పట్టినవాళ్లకి నర్సింగ్. బ్రోచర్లో పేర్లు చోటుకో రకం. పేరు పక్కన పెట్టి, రోజుకి ఎన్నిసార్లు ఎవరొచ్చి ఏం చేస్తారో అడుగు.

మీ అమ్మమ్మ విషయం చేయి దాటాక ఒక డాక్టరమ్మ నాకో లెక్క చెప్పింది. సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరు 1963లో వేసిన లెక్కట. స్నానం, బట్టలు, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోవడం, అన్నం తినడం. ఈ ఆరింటిలో ఎన్ని సొంతంగా చేసుకుంటారన్నదే లెక్క. 1969లో లాటన్, బ్రోడీ అనేవాళ్లు ఇంకో ఎనిమిది చేర్చారు. ఫోను, బజారు, వంట, ఇంటిపని, ఉతుకుడు, ప్రయాణం, మందులు, డబ్బు. సంక్రాంతికి నాలుగు రోజులు బావ దగ్గరున్నప్పుడు ఊరికే కూర్చోలేదు, చూశాను. ఆ ఆరూ తనే చేసుకుంటున్నాడు. ఎనిమిదిలోనే రెండు తప్పాడు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాడు. ఇన్సులిన్ వేసుకున్నానా లేదా అని నన్నడిగాడు. మొదటిదానికి నవ్వాను, రెండోదానికి గుండె జారింది. మరిచిపోయి రెండోసారి వేసుకుంటే షుగరు పడిపోయి నిద్రలోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇండిపెండెంట్ వద్దు. మందులు చేతికిచ్చి, సూది దగ్గరుండి వేసే అసిస్టెడ్ చాలు. నర్సింగ్ అస్సలు వద్దు. ఎందుకో విను.

మా నాన్న 1994లో పెరట్లో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది, ఆరు వారాల్లో పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరి కాలు తడబడినా నాకు చెమట్లు పట్టేవి. 2011లో మీ అమ్మమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర జారింది. మణికట్టు వాచిందంతే. 81 ఏళ్లు. నాకేమో బ్యాంకులో బదిలీ, మీ అత్తయ్యకి నడుం నొప్పి. ఊళ్లో ఉన్నవాటిలో ఎక్కువ ఖరీదైన హోమ్‌లో, అందులోనూ ఎక్కువ ఖరీదైన వార్డులో చేర్చాను. బీమా ప్రీమియం ఎక్కువ కడితే రక్షణ ఎక్కువని జనానికి చెప్పి చెప్పి నేనే నమ్మేశాను. "నాకేమైందిరా, నడుస్తున్నాగా" అంది అమ్మ. వినలేదు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు బుజ్జీ. ఒక్కరోజు కసురుకోలేదు. మంచానికి రెండు పక్కలా కమ్మీలు. భోజనానికి చక్రాల కుర్చీ. మొదటి వారం బియ్యంలో రాళ్లు ఏరతానంటే "మీరు కూర్చోండమ్మా" అన్నారట. ఆవిడ పడితే నేను గొడవ చేస్తానని వాళ్లకి తెలుసు. నడవక కాళ్లు పోతే చేయనని కూడా తెలుసు. పది రోజులు మంచంలో ఉంచితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిందని అమెరికాలో 2007లో తేల్చారట. అమ్మ మూడు నెలలుంది.

మూడో నెలలో వెళ్లినప్పుడు నా మొహం చూడకుండా, గోడకేసి చూస్తూ చెప్పింది. "రాత్రి బాత్రూముకి తీసుకెళ్లమంటే, డైపర్ ఉందిగా అందులోనే వెళ్లండి అంటార్రా." అంతకుముందు ఒక్కరాత్రి కూడా పక్క తడపని మనిషి. పక్కనే బీరువా. దాని మీద ఒక సంచీ, సంచీలో అమ్మ చెప్పులు. చేరిన రోజు పైన పెట్టారు, మళ్లీ దింపలేదు. సంచీ నిండా దుమ్ము.

ఇంటికి తెచ్చేశాను. మంచం నుంచి కుర్చీ దాకా తప్ప ఆ తర్వాత నడవలేదు. రెండేళ్లు బతికింది. నన్నొక్క మాట అనలేదు. రోజూ రాత్రి చెప్పులు మంచం పక్కన పెట్టమనేది, అంతే.

ఇదంతా చదివి ఏడవకు, నీకింకా పనుంది. సైట్ చూడ్డానికి వాళ్లు పిలిచే ఆదివారం పొద్దున వెళ్లకు, రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లు. నువ్వు రాలేకపోతే నేను వెళ్తాను. అంతస్తుకి రాత్రి ఎంతమంది ఉంటారో చూడాలి. నడవగలిగినవాళ్లకి కూడా డైపర్ వేస్తున్నారా అని మొహమాటం లేకుండా అడగాలి. పొద్దున్నే ఎవరైనా నడిపిస్తున్నారా? రేపు బావకి మతిమరుపు ముదిరితే అక్కడే వేరే విభాగానికి మారుస్తారా, బయటికి పంపేస్తారా? మార్చాలని ఎవరు తేలుస్తారు, ఎంత పెరుగుతుంది? నెల రోజులు ఉండి చూసే ఏర్పాటుంటే ముందు అదే తీసుకో.

ఒకవేళ బావ ఉన్నట్టుండి రెండు రోజుల్లో తికమకగా మాట్లాడ్డం మొదలెడితే, మెమరీ కేర్‌కి మారుస్తామంటే వెంటనే సరే అనకు. ముందు షుగరు, మూత్రం పరీక్షలు చేయించమను. పెద్దవాళ్లకి ఒక్కోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా మతి చెదురుతుంది, మందులేస్తే సర్దుకుంటుంది.

ఇంతకీ మీ నాన్నని అడిగావా? నాకు తెలుసు, అడగలేదు. నిన్న ఫోన్లో నేనే కదిపాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ పేపరు ఆరింటికల్లా వస్తుందా?" అన్నాడు. అంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం నువ్వే ఒప్పించు, అమెరికా నుంచి ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని.

ఆయనకి వెనక పట్టీ ఉన్న చెప్పులు, జారనివి, నేను కొంటాను. సైజు తొమ్మిదా పదా? నేనడిగితే ఎందుకని లాగుతాడు. నువ్వు కనుక్కుని చెప్పు.

మీ మామయ్య