ఆడుతూ కొరికిన కుక్కపిల్ల... ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం. మా వీధి టిఫిన్ సెంటర్ దగ్గర తిరిగే కుక్కపిల్లను వారం క్రితం ఇంటికి తెచ్చుకున్నాం. రెండున్నర నెలలు ఉంటుందంటున్నారు. మూడు రోజుల క్రితం ఆడుతూ ఆడుతూ మా ఆరేళ్ల పాప వేలు కొరికింది. పన్ను దిగి కాస్త రక్తం వచ్చింది. మా అత్తయ్య పసుపు అద్దారు. పాలపళ్ల కుక్కకు రేబిస్ ఏంటి, ఇంజెక్షన్లెందుకు అంటున్నారు మావారు. నిజమేనా? దానికి ఏం పెట్టాలి, స్నానం ఎప్పుడు చేయించాలి? ఒంటి మీద పిడుదులు కూడా ఉన్నాయి.

జవాబు: కుక్కపిల్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఇది చదవగానే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను పశువైద్యుణ్ని, మోతాదులు అక్కడి డాక్టరే చూస్తారు. కానీ ఇంజెక్షన్ కావాలా వద్దా అన్నదాంట్లో మాత్రం సందేహమే లేదు.

పాలపళ్ల కుక్కలకూ రేబిస్ వస్తుంది. రేబిస్ ఉన్న కుక్క ఏదైనా వీధిలో దీన్ని ముందే కరిచి ఉంటే మీకు తెలిసే వీలు లేదు. ఒకసారి లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు లేదు, కాబట్టి ఈ విషయంలో ‘చూద్దాంలే’ పనికిరాదు. మూడు రోజులు గడిచిపోయాయి కదా అని మానేయొద్దు. ఆలస్యంగానైనా మొదలుపెట్టాల్సిందే.

పన్ను దిగి రక్తం వచ్చిందంటే అది మూడో రకం, అంటే అన్నిటికంటే తీవ్రమైన రకం గాయం. దానికి టీకాతోపాటు గాయం చుట్టూ రేబిస్ సీరం (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. టీకా మొదటి డోసు రోజునే సీరం ఇవ్వడం మంచిది, ఆ డోసు వేశాక ఏడు రోజులు దాటితే ఇవ్వరు. సీరం అన్నిచోట్లా ఉండదు, అందుకే నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లండి. ప్రభుత్వాసుపత్రుల్లో టీకాను సాధారణంగా చర్మం పొరలోకి 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ పొడిచే పద్ధతి ఎప్పుడో పోయింది, పాపను ఆ పేరు చెప్పి భయపెట్టకండి. గుడ్లు, మాంసం మానేయాలన్న పథ్యం కూడా అక్కర్లేదు.

పసుపు అద్దడంలో పెద్దావిడ ఉద్దేశం మంచిదే కానీ, పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏవీ వైరస్‌ను చంపవు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే కుళాయి నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకునే కడగండి, అది మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసేపు.

ఇక కుక్కపిల్ల. కరిచిన రోజు నుంచి పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించండి, వీధిలో వదిలేయొద్దు. ఈలోపు తిండి మానేసినా, గొంతు మారినా, చొంగ కార్చినా, తూలుతూ నడిచినా దాన్ని ముట్టుకోకుండా గదిలో పెట్టి పశువైద్యుడికి ఫోన్ చేయండి. పది రోజులూ బాగుంటే పాప మిగతా డోసుల సంగతి డాక్టర్ చెబుతారు. మీ అంతట మీరు ఆపేయొద్దు. అయితే ఆ పది రోజుల లెక్క ఆ ఒక్క కాటుకే. వ్యాధి శరీరంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండగలదు, అందుకే వచ్చే కొన్ని నెలల్లో మళ్లీ ఎవరినైనా కొరికినా తేలిగ్గా తీసుకోకండి.

గడువు తీరాక పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, నెల తర్వాత బూస్టర్, ఆపైన ఏటా ఒకటి. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. కానీ ఆ తేదీ దాకా ఆగక్కర్లేదు.

వీధి కుక్కపిల్లలకు రేబిస్ కంటే ముందు ప్రాణం తీసేది పార్వో అనే వైరస్ జబ్బు. వాంతులు, రక్తంతో కూడిన నీళ్ల విరేచనాలు, దుర్వాసన కనబడితే తెల్లారేదాకా ఆగకండి, అప్పటికే ఒంట్లో నీరు పోతుంది. దీనికీ, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకూ కలిపి ఇచ్చే టీకా మూడు, నాలుగు వారాలకోసారి నాలుగు నెలల వయసు దాకా వేస్తారు. అవి పూర్తయ్యేదాకా రోడ్డు మీదికి తిప్పకండి.

రోజూ ఒకసారి పెదవి పైకెత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే నులిపురుగులో పిడుదులో రక్తం పీల్చేస్తుండొచ్చు. నులిపురుగుల మందు బరువును బట్టి ఇస్తారు. కుక్కపిల్లను ఎత్తుకుని బరువు తూచుకుని మీ బరువు తీసేస్తే సరి. ఆ పురుగులు పిల్లలకూ అంటుకుంటాయి, ముట్టుకున్నాక పాప చేతులు కడిగించండి. పిడుదులు చెవి మడతల్లో, కాలి వేళ్ల మధ్య దాక్కుంటాయి. కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్ పూయకండి, చర్మం కాలి పైగా విషమవుతుంది. పశువుల ఇంజెక్షన్ తెచ్చి అంచనాగా పొడవడం ఇంకా ప్రమాదం. వయసుకు తగ్గ మందు డాక్టరే రాస్తారు.

స్నానానికి తొందరేం లేదు. డాక్టర్‌కు చూపించేదాకా తడిగుడ్డతో తుడవండి చాలు.

తిండి రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. అన్నంలో ఉడికించిన గుడ్డు లేదా ఎముకలు తీసిన కోడిమాంసం, ఉప్పుకారాల్లేకుండా. పాలు చాలా కుక్కలకు పడవు, విరేచనాలవుతాయి. మిగిలిన కూరన్నం వద్దు, అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష అసలు పెట్టొద్దు. జ్వరమని మీ ఇంట్లోని పారాసిటమాల్ కూడా వేయొద్దు.

ఆటలో కొరుకుడు దాని వయసు లక్షణం, పళ్లు మారే సమయంలో ఇంకా పెరుగుతుంది. కొరకగానే ఆట ఆపేసి చేయి తీసేయండి, కొట్టకండి. కొరుక్కోవడానికి ముడివేసిన గుడ్డ ఇవ్వండి. పాపను మాత్రం కొన్నాళ్లు దానితో ఒంటరిగా వదలొద్దు.