దూరప్రాంతానికి ఇల్లు మారడం: రెండు అంచనాల్లో ఏది ఎంచుకోవాలి?

నమస్కారం. ఆరు వారాల్లో వేరే రాష్ట్రానికి ఇల్లు మారుతున్నామని, సామాను తరలించడానికి ఇద్దరు చెప్పిన ధరల మధ్య చాలా తేడా ఉందని మీరు రాశారు. ఫోనులో చెప్పిన ధరను లెక్కలోకి తీసుకోకండి. ఇంటికి వచ్చి, అటక మీది సామానుతో సహా చూసి, ప్యాకింగు, ఎత్తుడు-దింపుడు కూలి, మెట్ల మీదుగా మోత, బీమా విడివిడిగా రాసిచ్చిన అంచనాలనే పోల్చండి. తక్కువ ధర చెప్పినవారు మీ సామానును ఇతరుల సామానుతో కలిపి పంపే అవకాశం ఉంది కనుక, లారీ మీకే ప్రత్యేకమా, దారిలో సామాను వేరే బండిలోకి మారుస్తారా అని తప్పక అడగండి. నా దృష్టిలో ధర కన్నా ఇదే ముఖ్యం. ఎత్తి దించిన ప్రతిసారీ వస్తువులు పగిలే ప్రమాదం పెరుగుతుంది.

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగాక తుడిచి ఆరబెట్టండి. ముందువైపు తలుపు ఉన్న వాషింగ్ మెషిన్ అయితే, కొన్నప్పుడు వెనుక నుంచి తీసిన పొడవాటి బోల్టులను వెతికి మళ్లీ బిగించాలి. అవి లేకపోతే కుదుపులకు డ్రమ్ము ఊగి లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. (మా ఇంట్లో అవి చివరికి మేకుల డబ్బాలో దొరికాయి.) పుస్తకాలను చిన్న పెట్టెల్లోనే సర్దండి. ధ్రువపత్రాలు, నగలు, మందులు మీ వెంటే ఉండాలి. సామాను దించాక పెట్టెలను జాబితాతో సరిచూసుకుని, దెబ్బతిన్నవాటి వివరాలు రసీదు మీద రాసిన తర్వాతే సంతకం చేయండి.