పురిటి సంచీ ముందే సర్దుకోవచ్చా? బిడ్డ తొలి ఫోటో ఎవరు చూడాలి?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. నాకిప్పుడు 34వ వారం. సీమంతం తరవాత తెనాలిలోని పుట్టింటికి వచ్చాను. కాన్పు గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. మావారి ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండేళ్ల కిందట మూడో నెలలో గర్భం పోయింది. అందువల్ల ఈసారి బిడ్డ పుట్టేదాకా ఏదీ కొనకూడదని, సర్దకూడదని అత్తగారు పట్టుబడుతున్నారు. నా రక్తం గ్రూపు నెగెటివ్. అన్నీ సిద్ధంగా లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. మరో బాధ కూడా ఉంది. నిరుడు మా తోడికోడలిని ఆపరేషన్ థియేటర్ నుంచి గదికి తీసుకురాకముందే ఆమె బిడ్డ ఫోటో బంధువులందరి వాట్సాప్ స్టేటస్‌లలోకి ఎక్కింది. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు పుట్టగానే వీడియో కాల్‌లో చూపించాలంటోంది. మావారు ఎనిమిదో రోజున ఫోటోషూట్‌కు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. అత్తగారేమో ఇరవై ఒకటో రోజుదాకా ఫోటోలే వద్దంటున్నారు. ఎవరికి ఏమని చెప్పను?

జవాబు: మీ అత్తగారి అభ్యంతరాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చే ముందు, రెండేళ్ల కిందటి నష్టం ఆమెను కూడా తాకిందన్న సంగతి గుర్తుంచుకోండి. ఆశ పెట్టుకుంటే మళ్లీ ఏమవుతుందోనన్న భయమే ఆమె చేత ‘సర్దకూడదు’ అనిపిస్తోంది. ఆ భయంతో వాదించి గెలవడం కష్టం. వాదించవలసిన అవసరం కూడా మీకు లేదు. పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదన్న పట్టింపు మన ఇళ్లలో చాలా చోట్ల ఉన్నదే. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలను చింపి పొత్తిగుడ్డలుగా వాడడమూ అంతే పాత అలవాటు. మీ అత్తగారు కట్టి మెత్తబడిన చీరలు ఒకటి రెండు పంపమని మీరే ఫోన్ చేసి అడగండి. కొనడం ఏమీ ఉండదు, సంచీ సిద్ధమవుతుంది, అందులో ఆమె చెయ్యి కూడా ఉంటుంది. అయితే కలరా ఉండల మధ్య దాచిన చీర మాత్రం వద్దని చెప్పండి; ఆ ఉండల్లోని నాఫ్తలీన్ కొందరు శిశువుల్లో రక్తకణాలను దెబ్బతీసి కామెర్లు తీవ్రం కావడానికి కారణమవుతుంది. వచ్చిన ముక్కలను గంజి పెట్టకుండా ఉతికి, ఎండలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, శుభ్రమైన సంచిలో మూతి కట్టి ఉంచితే చాలు.

మీ విషయంలో బట్టల కంటే కాగితాలే ముఖ్యమని నా అభిప్రాయం. గ్రూపు నెగెటివ్ అయిన తల్లికి పాజిటివ్ గ్రూపు బిడ్డ పుడితే, సాధారణంగా 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షన్ (పాజిటివ్ రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారు కాకుండా ఆపే మందు) ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి మీ రక్తపరీక్ష రిపోర్టు, మీవారి గ్రూపు రిపోర్టు, గర్భం పోయినప్పుడు గానీ ఈ గర్భంలో గానీ ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే దాని చీటీ, స్కానింగ్ రిపోర్టులు అన్నీ ఒకే ఫైలులో, అడగగానే చేతికి అందేలా ఉండాలి. అర్ధరాత్రి నొప్పులు వచ్చి డ్యూటీలో కొత్త డాక్టరు ఉంటే మీ కథంతా చెప్పేది ఆ ఫైలే. దానికి ఆధార్ నకళ్లు, ఆరోగ్య బీమా కార్డు, కొంత నగదు జతచేయండి. జనన నమోదు 21 రోజుల లోపు జరగాలి. ఆసుపత్రి వారు నింపే ఫారంలో మీ ఇద్దరి పేర్ల అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో సంతకం పెట్టే ముందు ఒకసారి చూసుకోమని మీ నాన్నగారికి చెప్పండి. బిడ్డ పేరు తరవాత చేర్చుకోవచ్చు గానీ, తల్లిదండ్రుల పేర్లలో దొర్లిన తప్పును దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

సంచీలో మీకోసం ముందు వైపు తెరుచుకునే నైటీలు, వదులైన లోదుస్తులు, పెద్ద ప్యాడ్లు, చెవులకు కట్టుకునే స్కార్ఫు, సాక్సులు, ఫ్లాస్కు, పొడవాటి తీగ ఉన్న చార్జరు సరిపోతాయి. మిగిలినవి గుంటూరులో ఏ వీధి చివరనైనా దొరుకుతాయి. గోళ్ల రంగు తీసేసుకుని వెళ్లండి; వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరానికి ఆ రంగు అడ్డుపడవచ్చు. ఆపరేషన్ అవసరమైతే గాజులు, మెట్టెలు, మంగళసూత్రాలతో సహా నగలన్నీ తీయమంటారు. చాలా ఇళ్లలో అప్పటికప్పుడు కళ్లనీళ్ల పర్యంతం అయ్యేది ఇక్కడే. సూత్రాల స్థానంలో కట్టుకోవడానికి ఒక పసుపు తాడు సంచీలో పెట్టుకుని, ఆసుపత్రి వారు దాన్ని ఉండనిస్తారో లేదో ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడే అడగండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా సంచీ కోసం గానీ మీవారి కోసం గానీ ఆగకుండా బయలుదేరాలి.

ఇక ఫోటోల సంగతి. మీ ఉత్తరంలో అసలు గాయం ఇదేననిపించింది. తోడికోడలికి జరిగినదాన్ని మీరు సరిగ్గానే అర్థం చేసుకున్నారు. తొమ్మిది నెలలు మోసిన మనిషి కంటే ముందు, ముఖమైనా తెలియని దూరపు బంధువు ఆ ముఖాన్ని చూసి ‘ఎవరి పోలిక, రంగు తక్కువేమో’ అని వ్యాఖ్యానించడం అన్యాయమే. అయితే మీ అత్తగారు చెప్పినట్టు ఫోటోలే మానేయడం కూడా మీకు మేలు చేయదు. మీవారు హైదరాబాద్‌లో ఉన్నారు. నొప్పులు త్వరగా వస్తే ఆయన తన బిడ్డను మొదట చూసేది ఫోన్‌లోనే. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఏ కారణంగానైనా బిడ్డను కొద్ది రోజులు శిశువుల ఐసీయూలో ఉంచవలసి వస్తే, ఆపరేషన్ అయి మంచం దిగలేని తల్లికి ఆ మొదటి రోజున బిడ్డను చూపించేది ఎవరో ఒకరి ఫోన్‌లోని ఫోటోనే. తొలి ఫోటో తల్లిదండ్రుల కోసం తీసేది. బంధువుల వంతు తరవాత.

కాబట్టి ఫోన్ ఎవరి చేతిలో ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి. మీ అమ్మగారో తమ్ముడో, ఒక్కరే తీయాలి. తీసినది మీకు చూపించాలి, మీవారికి పంపాలి. మీరు సరేననేదాకా మూడో ఫోన్‌కు వెళ్లకూడదు. లోపలికి ఫోన్ రానివ్వని ఆసుపత్రులు చాలా ఉన్నాయి, ఆ మాట కూడా ముందే అడగండి. బిడ్డ, మీరు బాగానే ఉంటే పుట్టిన తొలి గంట మీ ఛాతీ మీద పడుకుని పాలు తాగడానికి వదిలేయాలి. ఫోటో కోసం బిడ్డను ఎత్తకుండా, ఉన్న చోటనే, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో తీస్తే ఎక్కువ సహజంగా వస్తుంది. వాచిన కనురెప్పలు, సాగిన తల, ఒంటి మీద తెల్లటి పూత, కాస్త నీలంగా ఉన్న అరచేతులు చూసి కంగారు పడకండి. అప్పుడే పుట్టిన బిడ్డలు చాలామంది అలాగే ఉంటారు. రంగు గురించి ఆ రోజు ఎవరు ఏమన్నా ఖాతరు చేయనక్కరలేదు, ఎందుకంటే ఒంటి ఛాయ నెలల తరబడి మారుతూనే ఉంటుంది. అందరికీ పంపే ఫోటోలో బిడ్డ చేతికి కట్టిన మీ పేరు, ఆసుపత్రి నంబరు ఉన్న పట్టీ కనిపించకుండా చూసుకోండి.

ఎనిమిదో రోజు ఫోటోషూట్ మాత్రం నాకు నచ్చలేదు. అప్పటికి మీ కుట్లు పూర్తిగా మానవు, బొడ్డుతాడు రాలి ఉండకపోవచ్చు, మీకు నిద్ర అసలే ఉండదు. గడ్డం కింద చేతులు ఆన్చుకుని బిడ్డ నిద్రపోతున్నట్టు కనిపించే చిత్రాలను జాగ్రత్త తెలిసిన ఫోటోగ్రాఫర్లు బిడ్డను మరొకరు పట్టుకుని ఉండగా రెండు ఫోటోలు తీసి, తరవాత కలుపుతారు; అది తెలియని వారు నిజంగానే అలా కూర్చోబెట్టబోతే మెడ వాలి ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. ఇచ్చిన అడ్వాన్సును బారసాల నాటికి మార్పించమని మీవారిని అడగండి. ఇరవై ఒకటో రోజున మీ అత్తగారి పట్టింపూ తీరుతుంది, బుగ్గ మీద దిష్టి చుక్క ఆమే పెడతారు. కాటుక కళ్లలోకి మాత్రం వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ఆ రోజు దగ్గు, జలుబు ఉన్నవారు, ఫోటోగ్రాఫరైనా సరే, బిడ్డ గదిలోకి రాకూడదు.

ఇవన్నీ మీరు ఇంతవరకు మీవారితో చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. తోడికోడలి విషయం మిమ్మల్ని ఇంతగా బాధించిందని ఆయనకు బహుశా తెలియకపోవచ్చు. ఈ వారాంతంలో ఆయన తెనాలి వచ్చినప్పుడు, పక్కన ఎవరూ లేని సమయం చూసి, ఆరోపణగా కాకుండా మీకు కావలసినదేమిటో చెప్పండి. డాలస్‌కు ఫోన్ చేసి ‘తల్లి చూశాక నీకే మొదట చూపిస్తాం’ అని చెప్పవలసింది ఆయనే. తోబుట్టువు నోటి నుంచి వచ్చిన మాటను ఆమె నొచ్చుకోకుండా వింటుంది, అదే మాట వదిన నోటి నుంచి వస్తే తగువవుతుంది.